వెలుగు ఎవరి మీద?
రంగస్థల దీపాలు, ఫిలిం, ప్రజానాటకం: ఒక చారిత్రక పరిశీలన

నాటక చరిత్ర రాసేవారు నాటకకర్తను గురించి రాస్తారు. నటులను గురించి, సమాజాలను గురించి, పోటీలను గురించి, పతకాలను గురించి రాస్తారు. దీపం పట్టినవాణ్ణి గురించి రాసినవారు అరుదు. ఆ దీపం వెలుగులో జరిగిన ప్రదర్శనను ఫిలిం మీదికి ఎక్కించిన ఛాయాగ్రాహకుణ్ణి గురించి రాసినవారు మరీ అరుదు. ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమనీ, సాహిత్య కళా విమర్శకు దీనితో పని లేదనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. ఆ అభిప్రాయం సరైనది కాదని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తరగతిలో నాటక చరిత్ర పాఠం చెప్పేటప్పుడు నన్ను విద్యార్థులు తరచు ఒక ప్రశ్న అడుగుతారు: "ఇంత గొప్పగా చెబుతున్నారు గదా మాస్టారూ, ఆ ప్రదర్శనలు ఇప్పుడు చూడటానికి దొరుకుతాయా?" బెర్లిన్‌లో హెలెన్ వైగెల్ నటనను నేను వారికి చూపించగలను. 1947 నాటి "మా భూమి" ప్రదర్శనను మాత్రం చూపించలేను. ఎందుకు చూపించలేనంటే కారణాలు చాలా చెప్పవచ్చు. డబ్బు లేదు, కెమెరాలు లేవు, ఉన్నది నిర్బంధం. ఇవన్నీ నిజమే. కాని వీటితో పాటు మనం లెక్కలోకి తీసుకోని భౌతిక కారణం మరొకటి ఉంది. అదే వెలుగు. ఎంత వెలుగు, ఏ రంగు వెలుగు, ఎవరి ముఖం మీద పడిన వెలుగు అన్న విషయం తేల్చుకుంటే తప్ప ఈ చరిత్ర పూర్తిగా అర్థం కాదు.

1. కంటికి కనిపించేది, ఫిలింకు కనిపించనిది

మనిషి కన్ను మహా సర్దుబాటు గలది. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ చూస్తుంది, నెలవంక వెన్నెల్లోనూ దారి వెతుక్కుంటుంది. చీకటి రంగం మీద ఒక్క స్పాట్ లైటులో నిలబడిన కథానాయకుణ్ణి చూస్తూనే, వెనుక నీడలో కూర్చున్న కూలీల కదలికను కూడా పసిగడుతుంది. ఫిలింకు ఈ శక్తి లేదు. దానికి నిర్ణీతమైన మోతాదులో వెలుగు అందాలి. ఆ మోతాదునే ఎక్స్‌పోజర్ అంటాము. మోతాదు తగ్గితే బొమ్మ చీకటి ముద్ద. ఎక్కువైతే ముఖం సున్నం కొట్టిన గోడ.

ఈ మోతాదును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: ఫిలిం వేగం, లెన్సు తెరుచుకునే ప్రమాణం, ఒక్కొక్క బొమ్మకు దొరికే కాలం. చలనచిత్రంలో సెకనుకు 24 బొమ్మలు పోతాయి కనుక మూడవది దాదాపు మన చేతిలో లేదు. ఒక్కొక్క బొమ్మకు దొరికేది సుమారు సెకనులో 50వ వంతు. ఇక మిగిలినవి ఫిలిమూ, లెన్సూ. సినిమా పనివారికి కంఠతా వచ్చిన లెక్క ఒకటి ఉంది: 100 వేగం గల ఫిలిం, ఎఫ్ 2.8 వద్ద తెరిచిన లెన్సు ఉంటే, నటుడి మీద 100 ఫుట్‌క్యాండిళ్ల వెలుగు పడాలి. ఒక కొవ్వొత్తి ఒక అడుగు దూరంలో ఇచ్చే వెలుగు ఒక ఫుట్‌క్యాండిల్.

రంగస్థలంలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. స్పాట్ లైటులో ఉన్న నాయకుడి మీద 150 ఫుట్‌క్యాండిళ్లు పడుతున్నాయనీ, వెనుక గుంపు మీద 5 పడుతున్నాయనీ అనుకుందాం. తేడా 30 రెట్లు. వెలుగు రెట్టింపు కావడాన్ని ఒక స్టాపు అంటారు గనుక ఇది దాదాపు అయిదు స్టాపుల తేడా. నాయకుడి ముఖానికి సరిపెడితే గుంపు మాయమవుతుంది. గుంపుకు సరిపెడితే నాయకుడి ముఖంలో కన్నూ ముక్కూ చెరిగిపోతాయి. ఛాయాగ్రాహకుడు ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు. నూటికి తొంభై పాళ్లు అతడు నాయకుణ్ణే ఎంచుకుంటాడు. ఈ విధంగా గుంపు చరిత్రలోంచి జారిపోతుంది. దీనిలో ఛాయాగ్రాహకుడి దురుద్దేశం ఏమీ లేదు. రంగం మీద వెలుగును పంచినప్పుడే ఆ తీర్పు సగం జరిగిపోయింది.

2. నాటకం ఎండలోకి వచ్చిన కాలం

పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా రంగస్థలం వెలుగు చరిత్ర వేగంగా మారింది. నూనె దీపాల స్థానంలో గ్యాసు దీపాలు వచ్చాయి. సున్నపు దిమ్మెను ఆక్సిజన్, హైడ్రోజన్ మంటలో కాల్చి పుట్టించే లైమ్‌లైటు 1837లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో వెలిగింది. 1881లో లండన్ సెవాయ్ థియేటర్‌ను సుమారు 1200 విద్యుద్దీపాలతో వెలిగించారు. 1876లో బైరాయిట్‌లో వాగ్నర్ ప్రేక్షకుల మీది వెలుగును తగ్గించి, రంగాన్ని మాత్రమే వెలిగించే పద్ధతిని స్థిరపరిచాడు. డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాడు చీకట్లో మౌనంగా కూర్చోవాలి. ఎదుట ఉన్నది కల మాదిరిగా వెలగాలి. బూర్జువా రంగస్థలపు భ్రమకు ఈ చీకటి పునాది.

ఇంత ఆర్భాటమైన రంగస్థలపు వెలుగు కూడా తొలి సినిమా కెమెరాకు చాలలేదు. 1893లో అమెరికాలో ఎడిసన్ కట్టించిన "బ్లాక్ మరియా" స్టూడియోకు పైకప్పు తెరుచుకునేది. సూర్యుడు ఎటు తిరిగితే కట్టడాన్ని అటు తిప్పేవారు. రంగస్థల నర్తకులు, మల్లులు అక్కడికి వెళ్లి ఎండలో తమ విద్య ప్రదర్శించేవారు. 1897లో ఫ్రాన్సులో మెలియెస్ మోంత్రెయిలో అద్దాల స్టూడియో కట్టాడు. ఆయన రంగస్థల గారడీ మనిషి; తన రంగస్థలాన్నే ఎండ కిందికి మోసుకుపోయాడు. మన దేశంలో కలకత్తాలో హీరాలాల్ సేన్ క్లాసిక్ థియేటర్ నాటకాల దృశ్యాలను చిత్రించాడు. 1917లో అగ్నిప్రమాదంలో ఆ ఫిలిములన్నీ కాలిపోయాయి. భారతీయ రంగస్థలానికి దొరకవలసిన తొలి చలనచిత్ర సాక్ష్యం అట్లా బూడిదయింది.

వెలుగు మోతాదుతో పాటు రంగు కూడా సమస్యే. తొలినాళ్లలో వాడుకలో ఉన్న ఆర్థోక్రోమాటిక్ ఫిలిం నీలాన్ని, ఆకుపచ్చను మాత్రమే గుర్తించేది. ఎరుపు దానికి నలుపుతో సమానం. దీపపు మంట ఏ రంగు? ఎరుపు, పసుపు. అంటే మన కంటికి వెచ్చగా, నిండుగా కనిపించే కాగడా వెలుగులో చాలా భాగాన్ని ఆ ఫిలిం వెలుగుగా లెక్కించనే లేదు. అన్ని రంగులనూ గుర్తించే పాంక్రోమాటిక్ ఫిలిం 1920ల్లో గాని సినిమా రంగంలో స్థిరపడలేదు. స్టూడియోలలో విద్యుత్ బల్బుల వెలుగు వాడకం పెరగడానికి అదే దారి తీసింది.

3. పెట్రోమాక్స్ లెక్క

ఇక మన ఊళ్లకు వద్దాం. వీథి నాటకానికీ, యక్షగానానికీ వెలుగు దివిటీలు. దివిటీ పట్టే మనిషి నటుడితో పాటు కదిలేవాడు. ముఖ్య పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మంట మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున వెలుగు లేచేది. దివిటీ పట్టడం చాకలివారి మీద పడిన వెట్టి పనుల్లో ఒకటి. నటుడి పేరు పదిమందీ చెప్పుకుంటారు. రాత్రంతా అతని ముఖానికి వెలుగు పట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు. శ్రమను చీకట్లో ఉంచి శ్రమఫలితాన్ని వెలుగులో పెట్టే వ్యవస్థకు ఇంతకంటె సూటి దృష్టాంతం అక్కర్లేదు.

ఆ తరువాత పెట్రోమాక్స్ వచ్చింది. జనం దాన్ని గ్యాసు లైటు అన్నారు. 1943 తరువాత ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా తిరిగినప్పుడు, నాజర్ బుర్రకథ చెప్పినప్పుడు, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల "మా భూమి" ఆడినప్పుడు, కరెంటు లేని పల్లెల్లో రంగానికి వెలుగు ఈ గ్యాసు లైట్లే. ఆ వెలుగులో ఒక ప్రదర్శనను ఫిలిం మీదికి ఎక్కించడం సాధ్యమా? లెక్క వేసి చూద్దాం.

పెద్ద పెట్రోమాక్స్ లైటు వెలుగు 500 కొవ్వొత్తులకు సమానమని చెబుతారు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్నది భౌతిక నియమం. పదడుగుల దూరంలో నటుడి మీద పడేది 5 ఫుట్‌క్యాండిళ్లు. అటొక లైటు, ఇటొక లైటు వేలాడగట్టినా 10 కి మించదు. 1940లలో దొరికిన వేగవంతమైన నెగటివ్ ఫిలిం వేగం నూరుకు అటూ ఇటూ. పై లెక్క ప్రకారం కావలసింది 100 ఫుట్‌క్యాండిళ్లు, ఉన్నది 10. మిక్కిలి ఖరీదైన ఎఫ్ 1.4 లెన్సు తెచ్చి పూర్తిగా తెరిచినా 25 కావాలి. అప్పటికీ వెలుగు చాలదు. రంగం వెనుక ఇరవై అడుగుల దూరంలో నిలబడిన రైతు మీద పడేది రెండు లైట్లు కలిపి రెండున్నర. అతను ఫిలిం మీద లేనట్టే.

బుర్రకథలో ఇంకో చిక్కు ఉంది. కథకుడు ఒక చోట నిలబడడు. అడుగులు వేస్తూ ముందుకు వస్తాడు, వెనక్కి పోతాడు, వీరావేశంలో గిరుక్కున తిరుగుతాడు. లైటుకు అయిదడుగుల దూరంలో ఉన్నప్పుడు అతని మీద 20 ఫుట్‌క్యాండిళ్లు పడితే, పదడుగుల దూరానికి పోగానే 5 కి పడిపోతుంది. అంటే కథకుడు నాలుగడుగులు వేస్తే ఛాయాగ్రాహకుడి లెక్క రెండు స్టాపులు తారుమారవుతుంది. రైతుకూలీల నాటకాన్ని వారి ఊళ్లోనే, వారి రాత్రివేళనే, వారి దీపాల వెలుగులోనే పట్టడానికి ఆనాటి ఫిలిం పరిశ్రమ తయారు చేసిన సరుకు పనికివచ్చేది కాదు. ఆ సరుకు స్టూడియో కోసం తయారయింది. స్టూడియోలోని వందల ఫుట్‌క్యాండిళ్ల కోసం తయారయింది.

అందువల్లనే ప్రజానాటకోద్యమం సినిమాలోకి అడుగుపెట్టినప్పుడు ప్రదర్శనను పట్టే దారి తొక్కలేదు. నాటకాన్ని మళ్లీ సినిమాగా కట్టుకుంది. బెంగాల్ కరువు మీద బిజన్ భట్టాచార్య రాసిన "నవాన్న" 1944లో రంగమెక్కింది. దాని నుంచి ఎంతో తీసుకొని కె. ఎ. అబ్బాస్ 1946లో "ధర్తీ కే లాల్" తీశాడు. అది గొప్ప ప్రయత్నం. కాని 1944 నాటి రాత్రి రంగం మీద జరిగిందేమిటో ఆ చిత్రం మనకు చెప్పదు. చెప్పాలని అది అనుకోలేదు కూడా.

4. బ్రెహ్ట్ చేసిన పని

రంగస్థలాన్ని రికార్డు చేయడం ఉద్యమానికి అవసరమని ముందుగా గ్రహించి, పట్టుబట్టి చేసినవాడు బెర్టోల్ట్ బ్రెహ్ట్. 1931లో బెర్లిన్‌లో తన "మనిషంటే మనిషి" నాటకాన్ని ఆయనే ప్రయోగించాడు. పీటర్ లోర్ నటన మీద విమర్శలు వచ్చాయి. కార్ల్ కోహ్ ఆ ప్రదర్శనలోని కీలక ఘట్టాలను చిన్న చిన్న ముక్కలుగా ఫిలిం తీశాడు. బ్రెహ్ట్ ఆ ఫిలిమును లోర్ పక్షాన సాక్ష్యంగా వాడుకున్నాడు: మాట వినిపించకపోయినా నటుడి అభినయం అర్థాన్ని ఎట్లా పట్టి ఇస్తున్నదో చూడండి అని వాదించాడు. విమర్శకుడి మాటకు ఎదురు నిలబడగల సాక్ష్యం నటుడికి దొరకడం చిన్న విషయం కాదు. ఎంత గొప్పగా నటించినా, మర్నాటి పత్రికలో రాసిందే చరిత్రగా మిగిలిన నటులు మన దేశంలో ఎందరో.

1933లో బ్రెహ్ట్ జర్మనీ వదిలి పోవలసి వచ్చింది. 1947లో లాస్ ఏంజిలిస్‌లో చార్లెస్ లాటన్ "గెలీలియో" ఆడినప్పుడు రూత్ బెర్లావ్ దాన్ని ఫోటోలు తీసింది, ఫిలిం కూడా తీసింది. ఆ ఏడు అక్టోబరు 30న బ్రెహ్ట్ అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు నిలబడి, మర్నాడే దేశం విడిచాడు. 1949 జనవరిలో బెర్లిన్‌లో "మదర్ కరేజ్" రంగమెక్కింది. బెర్లావ్ ప్రేక్షకుల వైపు నుంచి వందలాది ఫోటోలు తీసింది. వాటిని వరుసగా పేర్చి "మోడల్ పుస్తకాలు" తయారు చేశారు. మరో ఊళ్లో, మరో బృందం అదే నాటకం ఆడదలిస్తే నేర్చుకోవడానికి అవి పనికి రావాలన్నది వారి ఆలోచన.

ఇక్కడ వెలుగు సంగతి ముఖ్యం. బ్రెహ్ట్ రంగం మీద మసక వెలుగును ఒప్పుకోలేదు. రంగమంతా సమానంగా పరుచుకున్న తెల్లని కాంతి, తమ పరికరాలు ఇవ్వగలిగినంత కాంతి, కావాలన్నాడు. రాత్రి అని తెలియజేయడానికి ఒక లాంతరో చంద్రబింబమో చాలు, రంగాన్ని చీకటి చేయనక్కర లేదన్నాడు. బాక్సింగ్ పందెం బరి మీద దీపాలు కనిపించినట్టు రంగస్థలం దీపాలు కూడా ప్రేక్షకులకు కనిపించాలన్నాడు. ప్రేక్షకుడు మత్తులో పడకుండా ఆలోచిస్తూ చూడాలన్నది ఆయన సిద్ధాంతం. నేను గమనించమని కోరేది ఈ సిద్ధాంతపు సాంకేతిక ఫలితాన్ని. వెలుగు సమానంగా ఉన్నప్పుడు ముఖానికీ ముఖానికీ మధ్య తేడా ఒకటి రెండు స్టాపులకు మించదు. ఒక్క ఎక్స్‌పోజర్‌తో రంగమంతా అందుతుంది: వైగెల్ ముఖమూ అందుతుంది, బండి చక్రమూ అందుతుంది, వెనుక నిలబడ్డ సైనికుడూ అందుతాడు. కొడుకును కాల్చిన తుపాకి చప్పుడు విని, నోరు తెరిచి కేక బయటికి రాని వైగెల్ ముఖం ఈనాటికీ లోకమంతటికీ తెలుసునంటే, ఆ రంగం మీద అంతటి వెలుగు ఉండటం కూడా ఒక కారణం.

1955లో స్టౌటే దర్శకత్వంలో ఆ నాటకాన్ని సినిమాగా తీసే ప్రయత్నం అభిప్రాయభేదాల వల్ల మధ్యలో ఆగింది. బ్రెహ్ట్ 1956లో పోయాడు. చివరికి 1961లో పాలిచ్, వెక్‌వెర్త్‌ల దర్శకత్వంలో తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థ డేఫా, బెర్లినర్ ఎన్సెంబుల్ ప్రయోగాన్ని స్టూడియోలో చిత్రించి విడుదల చేసింది. నా విద్యార్థులు ఈనాడు వైగెల్‌ను చూడగలుగుతున్నది దాని వల్లనే. ఒక ప్రజా నాటకశాలకు ప్రభుత్వం అండగా నిలిస్తే ఏమవుతుందో, "మా భూమి"ని మద్రాసు ప్రభుత్వం నిషేధిస్తే ఏమయిందో పక్కపక్కన పెట్టి చూడవలసిందే. వెలుగు నియమాలు రెండు చోట్లా ఒకటే. వెలుగు సంపాదించుకునే అవకాశాలు మాత్రం ఒకటి కావు.

5. అంగడి సరుకుగా ప్రదర్శన

1964లో అమెరికాలో మరో రకం ప్రయత్నం జరిగింది. న్యూయార్కులో గీల్గుడ్ దర్శకత్వంలో రిచర్డ్ బర్టన్ ఆడుతున్న "హామ్లెట్"ను, ప్రేక్షకులు కూర్చుని ఉండగానే, రంగస్థలంలో ఉన్న వెలుగులోనే ఎలక్ట్రానిక్ కెమెరాలతో పట్టి, తరువాత ఫిలిం మీదికి మార్చారు. "ఎలక్ట్రానోవిజన్" అని పేరు పెట్టారు. ఆ సెప్టెంబరులో రెండు రోజులు మాత్రం, సుమారు వెయ్యి సినిమా హాళ్లలో ప్రదర్శించారు. బొమ్మ మసకగా ఉంది. నీడలు బురదలా ఉన్నాయి. అయినా ఉన్న వెలుగులో ప్రదర్శనను పట్టవచ్చునన్న దారి అది చూపించింది.

కాని దాని గతి ఏమయిందో చూడండి. ప్రదర్శన పూర్తి కాగానే ప్రింట్లన్నీ నాశనం చేయాలన్నది ఒప్పందం. అరుదుగా దొరికేది కనుక విలువ అన్నది వ్యాపార సూత్రం. 1984లో బర్టన్ చనిపోయిన తరువాత ఆయన ఇంట్లో ఒక ప్రతి బయటపడింది. అందువల్ల ఈనాడు దాన్ని చూడగలుగుతున్నాము. బెర్లావ్ ఫోటోలు పది బృందాలు నేర్చుకోవడానికి తీసినవి. ఈ "హామ్లెట్" రెండు రోజుల వసూళ్ల కోసం తీసినది. యంత్రం ముందంజ వేసినంత మాత్రాన కళ ప్రజల సొత్తు కాదు.

6. ఎవరి చర్మం ప్రమాణం?

ఎక్స్‌పోజర్ ప్రశ్నలో మన దేశస్థులు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన అంశం ఒకటి ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలం నుంచి రంగుల ఫోటోలు కడిగే లేబొరేటరీలకు కొడాక్ కంపెనీ ఒక ప్రమాణ చిత్రం పంపేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. దాని మీద ఉండేది తెల్లజాతి యువతి. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. నల్లని ముఖాలు తెల్లని ముఖాల పక్కన నిలబడితే కన్నూ పల్లూ తప్ప కనిపించేవి కావు. గోధుమ, నలుపు ఛాయలు మెరుగుపడటానికి ఒత్తిడి ఎక్కడ నుంచి వచ్చింది? చాక్లెట్ తయారీదారులూ, చెక్క సామాను వ్యాపారులూ తమ సరుకు ఛాయలు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేయడం అందులో ఒక పెద్ద కారణం. మనిషి ముఖం కంటె సరుకు ముఖానికి మార్కెట్టులో పలుకుబడి ఎక్కువ. 1970ల చివర మొజాంబిక్ వెళ్లిన గొదార్, కొడాక్ ఫిలింలో జాతి వివక్ష ఉందని దాన్ని వాడ నిరాకరించిన సంగతి ప్రసిద్ధం.

రంగస్థలం మీద ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. తెల్లటి పంచె, తలపాగా కట్టుకున్న నల్లని రైతు పాత్రధారి మీద దీపం పడితే, వెలుగంతా పంచె తిప్పికొడుతుంది, ముఖం మింగేస్తుంది. యాంత్రికంగా సగటు తీసే మీటరు పంచెను చూసి మోసపోయి వెలుగు తగ్గిస్తుంది. వెనుక నల్లతెర ఉంటే ఆ చీకటిని చూసి పెంచేస్తుంది. మీటరు కొలిచేది సగటును. అభినయం ఉన్నది ముఖంలో. ముఖాన్ని కొలవాలని నిర్ణయించవలసింది మనిషే.

7. మన కర్తవ్యం

ఈనాడు ఫిలిం లేదన్న సాకు లేదు. జేబులో పట్టే డిజిటల్ కెమెరా ఆనాటి ఫిలిం కంటె ముప్పై రెట్లు తక్కువ వెలుగులో పని చేస్తుంది. పెట్రోమాక్స్ వెలుగు కూడా దానికి చాలు. అయినా మన నాటక బృందాల వీడియోలు చూసినప్పుడల్లా నాకు పాత చిక్కే కొత్త రూపంలో కనిపిస్తుంది. కెమెరాను యాంత్రికంగా వదిలేస్తే, రంగం చీకటి కాగానే అది కన్ను పెద్దది చేసుకుంటుంది. స్పాట్ లైటు వెలగగానే ముఖం తెల్లగా పేలిపోతుంది. నెగటివ్ ఫిలిం ఎక్కువ వెలుగును కొంత ఓర్చుకునేది. డిజిటల్ కెమెరా తక్కువ వెలుగును ఓర్చుకుంటుంది గాని, పేలిపోయిన తెలుపును తిరిగి ఇవ్వదు. నీలం, ఎరుపు ఎల్.ఇ.డి. దీపాల కింద ముఖం ఒకే రంగు ముద్దగా మారుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు గనుక, కెమెరా షట్టరును 50వ వంతుకో 100వ వంతుకో నిలపకపోతే చాలా దీపాలు రెపరెపలాడతాయి.

అందువల్ల నాటకం ఆడే, నాటకం బోధించే మిత్రులకు నా సూచనలు ఇవి. రికార్డు చేసేవాణ్ణి ప్రదర్శన రాత్రి కాక, రిహార్సలుకే పిలవండి. దీపాలు నడిపేవాడినీ అతన్నీ పక్కపక్కన కూర్చోబెట్టండి. యాంత్రిక సర్దుబాటును ఆపివేసి, అత్యధికంగా వెలిగే ముఖాన్ని కొలిచి, అది చెరిగిపోని మోతాదు దగ్గర కెమెరాను నిలపండి. అప్పుడు వెనుక గుంపు చీకట్లో మునుగుతుంటే, కెమెరాతో పోట్లాడకండి. గుంపు మీద వెలుగు పెంచండి. గుంపును కంటికి కూడా చీకట్లో ఉంచిన ప్రయోగాన్ని ఏ కెమెరా కాపాడలేదు. పట్టినదాన్ని నాలుగు చోట్ల భద్రపరచండి. హీరాలాల్ సేన్ ఫిలిములకు పట్టిన గతి పట్టనివ్వకండి. రికార్డు చివర నటుల పేర్లతో పాటు దీపాలు పట్టినవారి పేర్లు కూడా వేయండి.

సాంకేతిక నియమాలు ఏ వర్గం పక్షమూ వహించవు. దూరం రెట్టింపయితే వెలుగు జమీందారు మీదా నాలుగో వంతే, కూలీ మీదా నాలుగో వంతే. దీపాన్ని ఎవరి దగ్గర నిలబెట్టాలన్నది మాత్రం మన నిర్ణయం. 1940లలో మనవాళ్లకు ఆ నిర్ణయం చేసే సాధనాలు లేవు. మనకు ఉన్నాయి. రేపటి విద్యార్థి ఈనాటి ప్రజానాటకాన్ని చూపించమని అడిగినప్పుడు, చూపించడానికి మన దగ్గర ఉండాలి. అందులో గుంపులోని ఆఖరి మనిషి ముఖం కూడా కనిపించాలి.